బంగారి చెవుల మీది పొక్కులు

ఆదెప్ప నోట మంచిమాట విన్నవాడు ఎవడైనా ఉంటే వాడికి దండ వేసి ఊరేగించాలని మా నాగలమడికలో చెప్పుకొనేవాళ్ళం. దున్నేటప్పుడు ఎద్దును తిట్టేవాడు. పావగడ బస్సు ఆలస్యంగా వస్తే డ్రైవరును తిట్టేవాడు, వేళకు వస్తే ఇంకా ఎక్కువ తిట్టేవాడు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిచూపులకు పోయి, కాబోయే మామ ఎద్దుల కొట్టంలోకి తొంగి చూసి, “ఇవేందప్పా, ఎండేసిన చింతబరికెల మాదిరి ఉండాయి! మేత పెడతాండారా లేదా?” అన్నాడట. పిల్లను చూపించకుండానే కాఫీ ఇచ్చి సాగనంపారు. ఆ పైన ఎవరూ పిల్లనిస్తామని రాలేదు, ఈయనా అడగలేదు. మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన అక్క చిన్నక్క, రెండెద్దులు, ఏటి గడ్డన ఎర్రనేల, అదీ సంసారం.

నేను అక్కడి కన్నడ బడిలో మేష్టరును. మా ఇల్లు వాళ్ళ ఇంటికి ఆనుకొనే ఉంటుంది కాబట్టి తిట్లలో నా వాటా నాకు రోజూ అందేది.

అటువంటి మనిషి ఒకనాడు పెరట్లో కూర్చొని, “నా తల్లి కదూ, ఇంగ రవ్వంత తినమ్మా” అని ఎవరినో బతిమాలుతున్నాడు. ఉండబట్టలేక గోడ మీదుగా చూశాను. ఎదురుగా ఉన్నది పిల్లి. ఒళ్ళంతా పచ్చటి చారలు, మొహం మాత్రం మట్టి కొట్టుకున్నట్టు ఉంది.

“ఏంది మేష్ట్రూ,” అన్నాడు తల ఎత్తకుండానే, “బడిలో పిల్లోళ్ళు చాలక గోడలెక్కి మా ఇంట్లో పిల్లుల్ని లెక్కేస్తాండావా?”

దాని పేరు బంగారి. కాయలు తీసిన వేరుశనగ కట్టె వామిలో దొరికిందట, కళ్ళు తెరవకముందే. ఆ ఏళ్ళలో మాకు ఒక ఏడు వాన వస్తే రెండేళ్ళు మొహం చాటేసేది. అయినా వేరుశనగే వేసేవాళ్ళం. పండిన నాలుగు కాయల్లో విత్తనానికని కొంత గోతాల్లో కట్టి లోపలి గదిలో పెట్టుకోవడం ప్రతి ఇంటా ఉండేది. ఇంట్లో గింజలు లేకపోయినా ఆ గోతాల మీద ఎవరూ చెయ్యి వేసేవాళ్ళు కాదు, ఎలుకలు తప్ప. ఆదెప్ప ఇంట్లో ఎలుకలకూ ఆ వీలు లేదు. బంగారి గోతాల మీదే పడుకొనేది. ఆదెప్ప ఆ గది గడప మీద పడుకొనేవాడు. గోతాల కాపలా అని చెప్పేవాడు గానీ, చిన్నక్క మాత్రం, “పిల్లి పక్క యాడుంటే వీని పక్క ఆడ” అనేది.

ఇప్పుడు ఆ బంగారి తినడం మానేసింది. చెవుల మీద, ముక్కు మీద పసుపుపచ్చని చెక్కులు కట్టాయి. గజ్జి అనుకున్నాడు ఆదెప్ప. ఎవరైనా అదే అనుకుంటారు. కానుగ నూనె పూశాడు. తగ్గలేదు. గొర్రెల గజ్జికి వాడే మందు గొర్రెలు మేపే హనుమప్ప దగ్గర తెచ్చి పూశాడు. బంగారి ఒళ్ళంతా నాక్కుంది. కాసేపటికి నోటి వెంట నురగ, కాళ్ళు వణుకు. ఆ మధ్యాహ్నం ఆదెప్ప దానిని గంపలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, నన్ను బడి నుంచి పిలుచుకొని పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు. నేనెందుకంటే డాక్టరు గంగాధర నాతో అప్పుడప్పుడు చదరంగం ఆడేవాడు. అంతకు మించి నా వల్ల అయ్యేది ఏమీ లేదని ఆదెప్పకూ తెలుసు.

ఆసుపత్రి ముందు గొర్రెలవాళ్ళు, ఎద్దులవాళ్ళు. గంపలోంచి మ్యావ్‌మని వినబడగానే అందరూ ఇటు తిరిగారు.

“ఏం ఆదెప్పన్నా,” అన్నాడు హనుమప్ప, “పూటకెన్ని పాలిస్తాదేం?”

“నీ ఇంట్లో ఎలకలు తిన్నన్ని శెనక్కాయలెన్నో కొలువు. అన్ని శేర్లిస్తాది.”

“సూడి కట్టిస్తావా?” అన్నాడు ఇంకొకడు. ఆదెప్ప మెడ ఎర్రబడింది. గంపను రెండు చేతులా పొట్టకు అదుముకొని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

డాక్టరు గంగాధర కుర్రవాడు, తుముకూరు అవతలి ఊరు. కన్నడం మనిషి, మాకోసం తెలుగు నేర్చుకున్నాడు. ముందు ఒళ్ళంతా కడిగించి, నురగ తగ్గే సూది వేశాడు. “పిల్లికి పూసిందంతా కడుపులోకే పోతాదప్పా, అది నాలికతోనే స్నానం చేస్తాది,” అని కోప్పడ్డాడు. తరువాత చెవి మీద కొంచెం గీకి, గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శినిలో చూశాడు. గజ్జి పురుగు లేదు. మళ్ళీ గీకి చూశాడు. లేదు. ముందరి పాదం నొక్కి గోళ్ళ మొదట్లో చూశాడు. గట్టి పెరుగులాంటి చీము. రెండు చెవుల మీదా ఒకే తీరుగా చెక్కులు. అంత ఉన్నా పిల్లి పెద్దగా గోక్కోవడం లేదు.

“గజ్జి అయితే ఒక్క నిమిషం ఊరుకోదు,” అన్నాడు తనలో తాను. చీముకని మందు ఇచ్చాడు. కొన్నాళ్ళు వాడినా కొత్త పొక్కులు లేస్తూనే ఉన్నాయి. మళ్ళీ పోతే ఈసారి చెక్కు కట్టని పచ్చి పొక్కు ఒకటి వెదికి, సూదితో చిదిపి, ఆ రసం గాజుపలక మీద అద్ది, రంగు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఏమి ఉండాది సార్?” అన్నాడు ఆదెప్ప.

“ఉండవలసిన క్రిములు లేవు. ఒకదానికొకటి అంటుకొని ఉండవలసిన చర్మం కణాలు విడిపోయి గుండ్రంగా తేలుతా ఉండాయి.” గంగాధర మొహం చిన్నబోయింది. “నాకు ఎద్దులు, గొర్రెలు తెలుసు ఆదెప్పా. పిల్లుల సంగతి చదివింది తక్కువ. మా మేష్టరు బెంగుళూరు కాలేజీలో ఉండారు. తీసుకొని పోతావా?”

డాక్టరు తెలియదని చెప్పడం ఆదెప్ప అంతకుముందు వినలేదు. తిడతాడేమోనని నేను భయపడ్డాను. గంప ఎత్తుకొని, “బస్సు ఎన్ని గంటలకు?” అన్నాడు.

పావగడలో బెంగుళూరు బస్సు ఎక్కి సీటు కింద గంప పెట్టాం. అది అరవకుండా ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అరిచింది. ముందు సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగి, “బయలుదేరేటప్పుడే పిల్లి ఎదురా! ఈరప్పా, బండి ఆపు!” అని కేక పెట్టాడు. డ్రైవరు ఈరప్ప నిజంగానే ఆపేశాడు. దించండని కొందరు, సంచిలో కట్టండని కొందరు. ఆదెప్ప గంప మీద వంగి కూర్చున్నాడు, దించాలంటే నన్ను కలిపి దించండన్నట్టు. అప్పుడు నాలోని మేష్టరు లేచాడు. “అయ్యా, పిల్లి ఎదురొస్తే కదా తప్పు? మీరంతా దిగండి. బస్సులో పిల్లి ముందే ఉన్నట్టు లెక్క. మీరు కొత్తగా ఎక్కండి. అప్పుడు అది ఎదురొచ్చినట్టు కాదు, మీరే దాని దగ్గరకు వచ్చినట్టు.” ఆశ్చర్యం, అందరూ దిగారు. కాఫీలు తాగారు. కుడికాలు పెట్టి మళ్ళీ ఎక్కారు. నా తెలివికి నేనే మురిసిపోతూ దిగి, ఎక్కేసరికి నా సీటులో ఆ పెద్దాయన కూర్చొని ఉన్నాడు. మధుగిరి దాకా నిలబడే పోయాను.

కాలేజీలో ముసలి ప్రొఫెసరు బంగారికి మత్తిచ్చి, చెవి అంచున బియ్యపుగింజంత చర్మం కోసి తీసుకున్నాడు. ఆ గింజంత కోతకు ఆదెప్ప బయట మెట్ల మీద కూర్చొని, తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. ఫలితం కొన్ని వారాలకు గంగాధరకు వచ్చింది. మమ్మల్ని ఆసుపత్రికి పిలిపించి, రోగం పేరు ఇంగ్లీషులో చెప్పాడు. మాకు నోరు తిరగలేదు.

“చేను కాపలాకు కుక్కను పెట్టుకుంటావు,” అన్నాడు. “దొంగ వస్తే కరవాల. అది దొంగను విడిచి నీ గొర్రెనే కరిస్తే? ఒంట్లో కూడా కాపలా ఉంటాది. బంగారి ఒంట్లో కాపలా దాని చర్మాన్నే పరాయిది అనుకొంటా ఉండాది. కణాల్ని అంటించి పెట్టే బంక మీద పడి పీకుతాది. అందుకే పొక్కులు.”

ఆదెప్ప ఆలోచించాడు. “ఏంటికి అనుకొంటాది అట్లా?”

“తెలియదు.”

“కుక్కను కట్టేయొచ్చు కదా సార్?”

“అదే చేస్తాం. మాత్రలతో కట్టేస్తాం. కానీ చంపలేం. కట్టు విప్పితే మళ్ళా కరుస్తాది. బతికినన్నాళ్ళు మాత్ర పడాల. తగ్గించాలన్నా నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించాల. ఉన్నట్టుండి ఆపినావో, పొక్కులు లేవడమే కాదు, ఈ మాత్రకు అలవాటుపడిన ఒళ్ళు నిలదొక్కుకోలేక కూలిపోతాది.”

మాత్రలు మనుషుల మందులషాపులోనే దొరుకుతాయి. వై.ఎన్.హొసకోటలో చీటీ చూసి షాపతను పేషెంటు పేరడిగాడు. ఆదెప్పకు పిల్లి అని చెప్పడానికి నోరు రాలేదు, వెనక మనుషులు నిలబడి ఉన్నారు.

“బంగారి.”

“ఏమవుతాది నీకు?”

“మా ఇంట్లోనే ఉంటాది.”

“వయసు?”

“చిన్నదే.”

ఆ మాట ఆదెప్ప కంటే ముందు బస్సులో ఊరు చేరింది. ఆదెప్ప ఎవరినో చిన్నదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు, దానికేదో చర్మం జబ్బట! వాళ్ళ పెద్దమ్మ కూతురు నరసక్క కుంకుమ, రవికగుడ్డ పట్టుకొని చూడవచ్చింది. చిన్నక్క లోపలి గదిలోకి తీసుకుపోయి గోతాల మీద చూపించింది. నరసక్క ఆ రవికగుడ్డ ఇవ్వాలో వెనక్కి తీసుకుపోవాలో తెలియక చాలాసేపు నిలబడిందట. కడకు బంగారి పక్కకే చేరింది ఆ గుడ్డ.

మాత్ర చేదు. పాలలో వేస్తే తాగదు. చిన్నక్కే దారి కనిపెట్టింది. రాగిముద్దలో నెయ్యి రాసి, మధ్యలో మాత్ర పెట్టి చిన్న ఉండ చేసేది. ముద్దను నమలకుండా మింగడం మా సీమలో పుట్టిన ఎవరికైనా వచ్చు, బంగారికీ వచ్చింది. కొన్ని వారాలకు చెక్కులన్నీ శనగపొట్టులా రాలిపోయాయి. కింద లేత గులాబీ చర్మం. బంగారి బాగా తిని, పొట్ట పెంచి, గోతాల మీదికి మళ్ళీ ఎక్కింది. గంగాధర మెల్లగా తగ్గిస్తూ రోజు విడిచి రోజు మాత్రకు తెచ్చాడు. “కొత్త పొక్కు ఒక్కటి కనిపించినా నా దగ్గరకు రావాల. అప్పుడు మాత్ర పెంచాల,” అని చిన్నక్కకు కూడా చెప్పాడు.

ఆ ఏడు వాన పూర్తిగా పోయింది. ఎద్దులకు మేత లేదు. ఆదెప్ప వరిగడ్డి కోసం బళ్ళారి వైపు పోయే లారీ ఎక్కాడు. రెండు మూడు దినాల్లో వస్తానన్నవాడు గడ్డి దొరక్క ఊళ్ళు తిరుగుతూ అక్కడే చిక్కుకున్నాడు.

అప్పుడే ఊళ్ళో పిల్లలకు అమ్మవారు పోసింది. ఇంటింటికీ వేపమండలు కట్టారు. మా బడి సగం ఖాళీ. ఒకనాడు పొద్దున చిన్నక్క బంగారికి ఉండ పెట్టబోతూ చెవుల మీద చూసింది. పొక్కులు. తెల్లగా, నీటితో నిండి, మా బడిపిల్లల ఒంటి మీద ఉన్నట్టే ఉన్నాయి.

డాక్టరు మాట మరిచిపోయే మనిషి కాదు చిన్నక్క. కానీ అది మామూలు రోజుల్లో చెప్పిన మాట. అమ్మ ఇంట్లోకి వచ్చినాక మందు మింగించకూడదు. తాలింపు పెట్టకూడదు. ఊరు దాటి వచ్చినవాళ్ళు గడప తొక్కకూడదు. మూడుసార్లు తలకు నీళ్ళు పోసి సాగనంపేదాకా అమ్మ చెప్పినట్టే నడవాలి. ఉండలోంచి మాత్ర తీసేసింది. వేపాకుల మీద బంగారిని పడుకోబెట్టింది, పసుపు పూసింది, చల్లటి మజ్జిగ నోట్లో చుక్కలుగా వేసింది. కన్నబిడ్డకైనా అంతకంటే ఎక్కువ చేయలేరు.

ఆదెప్ప గడ్డితో వచ్చేసరికి వాకిలికి వేపమండ, లోపల గొళ్ళెం.

“ఆడే నిలబడు!” అంది చిన్నక్క తలుపు సందులోంచి. “హోటళ్ళలో తిని, ఊళ్ళు తిరిగి వచ్చినావు. లోపల అమ్మ ఉండాది.”

“ఎవరికి?”

“బంగారికి.”

ఆదెప్ప జేబు తడుముకున్నాడు. హొసకోటలో దిగి కొత్త మాత్రలు కొనుక్కొని వచ్చాడు. “అక్కా, మాత్ర వేస్తాండావా?”

“అమ్మ ఉండంగా మాత్రేందిరా?”

నన్ను పిలిచాడు. నేను పోయి ఆ తలుపు సందుతో మాట్లాడాను. ఒంట్లో కాపలా, కట్టు విప్పిన కుక్క, చర్మం బంక, నాకు గుర్తున్నదంతా చెప్పాను. బడిలో పాఠం చెప్పినట్టే చెప్పాను, అదే తప్పయింది. “నువ్వు కన్నడ బడిలో చెప్పుకోప్పా అవన్నీ,” అంది చిన్నక్క. “మా దాసన్నకు పోసినప్పుడు కూడా ఒక కాంపౌండరు ఇట్లే తియ్యగా చెప్పినాడు. మా నాయన ఇంట్లో లేడు. నేనే తలుపు తీసినా. సూది వేసినాడు. తెల్లారేసరికి పిల్లోడు లేడు.”

దాసన్న వాళ్ళ తమ్ముడు. ఆ సంగతి నాకు తెలియదు. ఆదెప్పకు తెలుసు. అరుగు మీద కూలబడ్డాడు. తోస్తే ఊడిపోయే తలుపు అది. ఎద్దును మెడ పట్టి వంచగల మనిషి, దాని ముందు చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. లోపల బంగారి ఒక్కోసారి సన్నగా అరిచేది. అప్పుడు మాత్రం, “ఈడనే ఉండాను తల్లీ,” అనేవాడు.

ఆదెప్ప కబురు పెడితే గంగాధర వచ్చాడు. వాకిట్లో నిలబడి, “అమ్మా, అది అమ్మవారు కాదు, అదే పాత రోగం,” అన్నాడు. “నువ్వు చూసినావా అమ్మను, కాదని చెప్పేదానికి?” అంది చిన్నక్క. ఆయన చెప్పులు విడిచి అరుగు మీద మా పక్కన కూర్చున్నాడు. ముగ్గురు మగవాళ్ళం, ఒకరికి చదువుంది, ఒకరికి మందుంది, ఒకరికి పిల్లి ఉంది. ఎవరి వల్లా గొళ్ళెం కదల్లేదు. చిన్నక్కే మాకు తలుపు సందులోంచి మజ్జిగ అందించింది. తాగి, రాత్రంతా అక్కడే కూర్చున్నాం.

మరునాటి పొద్దున లోపల చప్పుడు లేదు. అరుపు కూడా లేదు. చాలాసేపటికి చిన్నక్క గొంతు వినిపించింది, మాతో కాదు: “తల్లీ మారెమ్మా, నీ బిడ్డ మజ్జిగ కూడా మింగడంలేదు. నువ్వే అయితే నామీద కోపం తీర్చుకో. దీని జోలికి రావద్దు.” గొళ్ళెం తీసింది. నేను ఎదురుగానే ఉన్నాను, రెండు చేతులతో తీసింది. తలుపు తెరిచి పక్కకు తిరిగి నిలబడింది, మమ్మల్ని చూడకుండా.

బంగారి వేపాకుల మీద పక్కకు ఒరిగి ఉంది. పాదాలు ఉబ్బిపోయాయి. గంగాధర దాని కనురెప్పలు విప్పి చూశాడు, చిగుళ్ళు చూశాడు. అంతా పచ్చగా ఉంది. “పసుపు పూసినారు కదా, అదేనేమో,” అన్నాను నేను, ఏదో ఒక మంచిమాట అనాలని. ఆయన తడిగుడ్డతో చిగురు తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. ఆ పసుపు పోలేదు. తిండి లేక కాలేయం చెడిందని నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పాడు. సూది వేశాడు. గ్లూకోసు చర్మం కింద ఎక్కించాడు. ఆదెప్ప బంగారి తలను అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి అది అతని బొటనవేలు నాకింది. “తగ్గుతాంది సార్, నాకింది చూడు!” అన్నాడు. గంగాధర తన పెట్టె సర్దుకోవడంలో మునిగిపోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి అయిపోయింది.

చేను గట్టున పూడ్చి వచ్చాం. చిన్నక్క అరుగు మీద కూర్చొని ఉంది. ఏడవలేదు. నావైపు చూసి, “చదువుకున్నోనివి, చెప్పప్పా,” అంది. “అది అమ్మా? రోగమా?”

పిల్లలు అడిగే ఏ ప్రశ్నకైనా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు అలవాటే. ఈ ప్రశ్నకు ఆ వీలు లేదు. రోగమంటే, మాత్ర ఆపింది ఆమె. అమ్మ అంటే, గొళ్ళెం తీసి సూదిని లోపలికి రానిచ్చింది ఆమె. ఎటు చెప్పినా ఆమె మెడకే చుట్టుకుంటుంది. నా కాళ్ళ మట్టి చూసుకుంటూ నిలబడ్డాను.

“అమ్మే అక్కా,” అన్నాడు ఆదెప్ప.

కుక్క, కట్టు, బంక, గంగాధర చెప్పిన ప్రతి మాటా అర్థమైన మనిషి. అరుగు కింద చేతులు కడుక్కుంటూ, తల ఎత్తకుండా అన్నాడు.

“అమ్మేనా?”

“అమ్మే. చూస్తానే తెలిసింది నాకు.”

“తెలిసీ ఆ డాక్టరును ఏంటికి పిలిపిస్తివిరా?”

“నా బుద్ధి గడ్డి తినింది.”

చిన్నక్క తన చేతులు చూసుకుంది. “తలుపు తీసింది నేను కదా...”

“నువ్వు యాడ తీసినావు? గొళ్ళెం సరిగ్గా పడనే లేదు. నేనే తోసుకొని వచ్చినా. కావాలంటే మేష్ట్రును అడుగు, ఎదురుగానే ఉన్నాడు.”

ఇద్దరూ నావైపు చూశారు.

“అవును చిన్నక్కా,” అన్నాను. “ఆదెప్పే తోసినాడు.”

ఆమె నా మొహంలోకి కొంచెంసేపు చూసింది. నమ్మిందో, నమ్మాలనుకుందో ఇప్పటికీ చెప్పలేను. తరువాత కొంగు బిగించి, తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. అమ్మ ఇంట ఉండగా సూది తెచ్చినవాడా అని, ఉన్న ఒక్క జీవాన్నీ పోగొట్టినవాడా అని, పొద్దు వాలేదాకా తిట్టింది. ఆ మరునాడూ తిట్టింది. బావి దగ్గర అందరికీ చెప్పి తిట్టించింది. ఎలుకలు విత్తనం గోతాలు కొరికినప్పుడల్లా ఆ తిట్లు మళ్ళీ మొదటినుంచి వచ్చేవి. ఆదెప్ప దబ్బనం, పురికొస తెచ్చుకొని, చిరిగిన గోతాం ముందు కూర్చొని, కుట్టుకుంటూ అన్నీ వినేవాడు. మధ్యలో ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే, “అవునక్కా, నాదే తప్పు,” అనేవాడు. ఆమె మళ్ళీ అందుకొనేది.